వినువారి కొరకే మాట

చెవిటివాని యెదుట శంఖ మూదినట్లని మనలో నొక సామెత కలదు. కాని మన పాఠశాల సభలలో చెవులున్నవారి యెదుటనే శంఖము వ్యర్థమగుచున్నది. ఇంటియొద్ద ‘ఆడ, ఈడ, మడక’ అని చక్కగా పలుకు బాలుడు వేదిక యెక్కగనే ‘అచ్చట, ఇచ్చట, హలము’ అని కంఠస్థము చేసిన ఉపన్యాసము నప్పగించును. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టుదురు. ఏమి చెప్పెనని యడిగిన చెప్పలేరు.

ఇది చిన్న విషయము కాదు. ‘ఈ బడి తెలుగు మా తెలుగు కాదు’ అని తలచిన తండ్రి రెండవ బిడ్డను మరియొక బడిలో చేర్చును. మన తెలుగు తరగతులు నిలుచుట పిల్లల సంఖ్యపై నాధారపడి యున్నదని మరువరాదు.

విద్యార్థులారా! గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) పుట్టినదినమైన ఆగస్టు 29న మనము తెలుగుభాషా దినోత్సవము జరుపుకొందుము. వారు నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. అక్కడి కొండలలోని సవరలతో మాటలాడగోరి, తెలుగు తెలిసిన యొక సవరను ఇంట నుంచుకొని యాతని భాష నేర్చిరి. అది తెలుగునకు చుట్టమైన భాష కాదు, ముండా కుటుంబమునకు చెందినది. దానిలో పాఠపుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టిరి. 1931లో వారి సవర వ్యాకరణము వెలువడెను. తెలుగుబడులలో వాడుకభాషకై పోరాడినదియు వీరే. 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడపిరి. వినువాడు మనయొద్దకు రావలెననక, మనమే వానియొద్దకు పోవలెననునది వారి జీవితసారము.

‘మరి మీరు వ్రాయునది గ్రాంథికము కాదా?’ యని మీ రడుగవచ్చును. పుటపై నున్నది మరల మరల చదువుకొనవచ్చును. పూర్వగ్రంథములు చదువుటకీ శైలి తెలియవలెను. నోటిమాట యొక్కసారియే వినబడును. పుటకు తగినది పుటకు, వేదికకు తగినది వేదికకు.

ఫోనులో పంపు సందేశములకును ఇదే న్యాయము. అర్థము కాక ఎదుటివాడు కనుబొమలు ముడిచినను మనకు కనబడదు. కావున మరింత తేటగా వ్రాయవలెను. తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో ‘పాట’, ‘పాత’ ఒక్కటియగును. ‘కళ్లు’ కాస్త ‘కల్లు’ అగును. మన లిపి యుండగా ఈ యిక్కట్టేల?

సామల్పట్టి రైలుస్టేషనులోను, ఊత్తంగరై కార్యాలయములలోను మన శ్రోత తరచుగా తమిళుడు. 2006 నాటి చట్టము తమిళమును పాఠశాలలలో దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశము చేసినది. దానిని భారమని తలపక శ్రద్ధగా నేర్వుడు. పంతులుగారు ఏ చట్టమును లేకయే పొరుగువారి భాష నేర్చిరి. అయితే తమిళము నేర్చుట వేరు, ఇంటి తెలుగునకు సిగ్గుపడుట వేరు. మొదటిది విద్య, రెండవది నష్టము.

కావున నా సూచన యిది. ఈ యేటి వార్షికోత్సవమున మాటలాడువారు తమ విషయమును ముందుగా ఇంటిలోని అవ్వకు చెప్పవలెను. అవ్వ దానిని తన మాటలలో తిరిగి చెప్పగలిగినచో ఉపన్యాసము సిద్ధమైనట్లే. చెప్పలేకున్నచో మార్చవలసినది అవ్వను కాదు, ఉపన్యాసమును.