ఉమ్మడి సేవలు – సంఘముల స్వాతంత్ర్యము

ఒక్క గ్రామపు పరపతి సంఘము తన లెక్కలన్నియు తానే వ్రాసికొని, తప్పులను తానే దిద్దుకొని, కావలసిన పెట్టుబడిని తానే సమకూర్చుకొనుట మిక్కిలి కష్టము. చిన్న సంఘమునకు నిపుణుడైన గుమాస్తాను పోషించు శక్తి యుండదు. కావున పది సంఘములు కూడి యొక గుమాస్తాను, ఒక తనిఖీదారుని, ఒక గిడ్డంగిని పెట్టుకొనుట న్యాయమే. అయితే అట్లు పెట్టుకొన్న సేవకుడే కాలక్రమమున యజమాను డగుట యెట్లు సంభవించునో కర్షక సోదరులు విచారింపవలసి యున్నది.

జర్మనీ దేశమున గ్రామ సంఘములను నెలకొల్పిన రైఫైజను మహాశయుడు, అవి విడివిడిగా నిలువజాలవని గ్రహించి, 1872లో నాయివీడు పట్టణమున వానికొక కేంద్ర బ్యాంకును స్థాపించెను. 1889 నాటి జర్మను సహకార చట్టము రెండేండ్ల కొకసారియైనను ప్రతి సంఘపు లెక్కలను బయటి తనిఖీదారు పరీక్షింపవలెనని విధించెను. కాని యా తనిఖీదారుని సంఘముల సమాఖ్యలే నియమించుకొనుట కవకాశము గలిగించెను. కట్టుబాటును ఉన్నది, స్వాతంత్ర్యమును ఉన్నది.

మన దేశమున 1904 నాటి చట్టము ప్రాథమిక పరపతి సంఘములను మాత్రమే గుర్తించెను. సంఘములు కూడి సమాఖ్యగా నేర్పడుటకు 1912 నాటి చట్టము త్రోవ తీసెను. మదరాసు రాజధానిలో సంఘములు చందాలు వేసికొని పర్యవేక్షక యూనియనుల నేర్పరచుకొని, సూపర్వైజర్లను తామే నియమించుకొనెను. పోను పోను ఆ పని అప్పిచ్చు కేంద్ర బ్యాంకుల వశమయ్యెను. అప్పిచ్చువారికి తమ సొమ్ము క్షేమము ముఖ్యమగుట సహజమే. కాని బ్యాంకు మేలును సంఘపు మేలును ఎల్లప్పుడు నొక్కటి కావు.

పిమ్మట 1987లో ఆంధ్రప్రదేశమున సింగిల్ విండో పద్ధతి వచ్చి, అప్పు, ఎరువు, విత్తనము, అమ్మకము ఒక్క వాకిటనే లభించుటకు ఏర్పాటు చేసెను. 2022లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘముల లెక్కలను ఒకే కంప్యూటరు పద్ధతి క్రిందికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. దాని నింకను విస్తరించిరి కూడ.

నేను కంప్యూటరుకు విరోధిని కాను. దినచిట్టాలో దిద్దుబాట్లును, ఏండ్లతరబడి ముగియని లెక్కలును మనకు దెలియనివి కావు. యంత్రమువలన అట్టి మోసములు తగ్గినచో సభ్యునికే లాభము. అయితే రేపు సభ్యుడు వచ్చి తన బాకీ యెంతయని యడుగగా, “యంత్రము పనిచేయుట లేదు, పట్నమునుండి మనిషి రావలెను” అను సమాధానమే లభించెనేని, సంఘము తన పుస్తకములను తానే చదువలేని స్థితికి వచ్చినదన్నమాట.

కొందరు, “లెక్కలు నిపుణులకు విడుచుటయే మంచిది, రైతునకేల యీ చింత?” యందురు. లెక్క వ్రాయుట నిపుణునిదే. లెక్క యడుగుట మాత్రము సభ్యునిది. చేను పండునో లేదో, మనిషి మాట నిలుపునో లేదో ఊరివారికి దెలిసినట్లు దూరముననున్న కార్యాలయమునకు దెలియదు. కావున వ్రాత, తనిఖీ, శిక్షణ, ఉమ్మడి కొనుగోళ్లు పై సమాఖ్యల కప్పగింపవచ్చును. సభ్యత్వము, అప్పు మంజూరు, లాభముల వినియోగము ఊరిలోనే తీర్మానింపబడవలెను.

ఇందులకు మూడు నియమములు చాలును. ఉమ్మడి సేవకు చెల్లించు రుసుమును ఆ సేవ పొందు సంఘములే కూడి నిర్ణయింపవలెను. ప్రతి చెల్లింపునకు తెలుగున అచ్చు రసీదు సభ్యుని చేతి కందవలెను. ఏటేట సర్వసభ్య సమావేశమున ఆస్తి అప్పుల పట్టికను బిగ్గరగా చదివి, ప్రశ్నలకు బదులు చెప్పవలెను.

రాబోవు సమావేశమునకు ప్రతి సభ్యుడును తన పాసుపుస్తకము తీసికొనిపోయి, సంఘపు లెక్కతో సరిచూచుకొనుగాక. అడుగువాడు లేని సంఘము ఎంత గొప్ప యంత్రము పెట్టుకొన్నను పరుల సొత్తే యగును.