తారీఖులు మాఱినను గంటలు పదునేడే



బెంగుళూరులో మా పొరుగింటి పిన్నిగారి కుమార్తె శాన్‌ఫ్రాన్సిస్కోలో కాపురమున్నది. కొన్నేండ్ల క్రిందట శీతకాలమున ఆమె పసిబిడ్డతో పుట్టింటికి వచ్చుచున్నదని విని పిన్నిగారు మిక్కిలి సంతసించిరి. టిక్కెట్టు చూచినంతనే బెంగపడిరి. “శనివారము రాత్రి యెక్కి సోమవారము తెల్లవాఱుజామున దిగునట! చంటిదానితో రెండు రాత్రులు, ఒక పగలు ఆకాశమునందే యుండుట యెట్లు?” అని కంట నీరు పెట్టుకొనిరి.

ఇట్టి తల్లులు నేడు మనలో పెక్కుమంది. కావున ఈ లెక్కను తెలిసికొనుట మేలు.

శీతకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో గడియారము మన గడియారముకంటె 13½ గంటలు వెనుకబడి యుండును. వేసవిలో వారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు గనుక ఆ భేదము 12½ గంటలగును. అచ్చట శనివారము రాత్రి 8.30 అయినప్పుడు మనకు ఆదివారము ఉదయము 10 గంటలు. అప్పటినుండి 17 గంటలు లెక్కించిన సోమవారము తెల్లవాఱుజాము 3 గంటలగును. మాఱినవి తారీఖులే గాని బిడ్డ ప్రయాణము పదునేడు గంటలే.

ఇక దూరము. ఈ నగరముల నడుమ సూటి దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. అనగా భూమి చుట్టుకొలతలో మూడవ వంతునకు మించినది. గోడపటమున చూచిన సముద్రములు దాటి అడ్డముగా పోవలెనని తోచును. ఒక బత్తాయిపండు తీసికొనుడు. తొడిమను ఉత్తరధ్రువ మనుకొని, దానికి దిగువగా ఇరుప్రక్కల దాదాపు ఎదురెదురుగా రెండు గుండుసూదులు గ్రుచ్చి, వానినడుమ దారము బిగించి చూడుడు. ప్రక్కగా చుట్టినదానికంటె తొడిమ చెంతగా పోయిన దారమే పొట్టిదగును. గాలివాటమును బట్టి విమానము పోవు దారియు, పట్టు కాలమును కొంత మాఱుచుండును.

ఆ దారిని మన స్త్రీలే నడచి చూపిరి. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో విడిచి, ఎక్కడను ఆగక, ఉత్తరధ్రువము మీదుగా 11వ తేదీ తెల్లవాఱుజామున బెంగుళూరు చేరిన ఎయిరిండియా విమానమును జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్ అను నలుగురు వనితలు నడపిరి. ఈ నగరముల నడుమ ఆ సంస్థ ఆగకుండ నడపిన మొదటి విమాన మదియే.

ప్రయాణమున బిడ్డ పాలను, గుడ్డలను తారీఖులను బట్టి గాక గంటలను బట్టి సర్దుకొనవలెను. ఆలస్యమునకై కొన్ని యధికముగా నుంచుకొనవలెను. వేళకు మందు పుచ్చుకొనువారు గడియారమును నమ్మక, ఎన్ని గంటల కొకమాఱు పుచ్చుకొనవలెనో వైద్యునివలన ముందే తెలిసికొనవలెను. పెద్దవారు నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయుట మంచిది.

ఇదంతయు విని పిన్నిగారు కుదుటపడిరి. ఆదివారము ఉదయము పది గంటలకు దేవునికి దీపము పెట్టిరి. రాత్రి పాలు తోడుపెట్టి, రెండు గంటలకే లేచి విమానాశ్రయమునకు బయలుదేఱిరి. కూతురు ఇల్లు చేరునప్పటికి పెరుగు కమ్మగా తోడుకొని యుండెను.