ఈ రంగులన్నీ ఎవరి కోసమండీ?

మన ఇళ్ళల్లో గోడలకి రంగులు ఎప్పుడు పడతాయో గమనించారా? అమ్మాయికి పెళ్ళిచూపులు కుదిరినప్పుడు. అబ్బాయి ఒడుగుకి ముహూర్తం పెట్టుకున్నప్పుడు. వియ్యాలవారు మొదటిసారి గడప తొక్కబోతున్నారని కబురొచ్చినప్పుడు. ఏడాది పొడుగునా ఆ గోడల మధ్యే వండి వార్చే ఇల్లాలు "వంటిల్లు మసిబారిపోయిందండీ" అని వందసార్లు మొత్తుకున్నా పలకని ఇంటి యజమాని, పూటకొచ్చి కాఫీ తాగి వెళ్ళేవాళ్ళ కోసం మాత్రం అప్పుచేసైనా కుంచె పట్టిస్తాడు!

అద్దె ఇళ్ళ సంగతి మరీ విడ్డూరం. ఉన్నన్నాళ్ళూ ఇంటాయన గోడల వంక చూడడు. "సామానంతా అడ్డం, ఇప్పుడెందుకమ్మా" అంటాడు. ఖాళీ చేసిన రోజున మాత్రం మూలమూలా తడిమి చూసి, రంగుల ఖర్చని అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె విరగ్గోసుకుంటాడు. డబ్బు మనది, రంగు మన తరవాత దిగేవాళ్ళది! మనం దిగినప్పుడున్న రంగు ముందున్నావిడ డబ్బే కదా అంటారా? అదేగా నేననేది. ఒక అద్దె ఇల్లాలి పర్సులోంచి ఇంకో అద్దె ఇల్లాలి గోడకి పోతుందే తప్ప, ఇంటాయన తన జేబు తడుముకోడు.

సొంతిల్లయినా అద్దిల్లయినా, మన గోడలకి రంగు పడేది అందులో ఉండేవాళ్ళ కోసం తప్ప మిగిలిన అందరి కోసమూ. నాకు నచ్చనిది ఇదే.

"ఎవరి కోసం వేస్తేనేం, గోడ బాగుపడిందిగా!" అంటారేమో. బాగుపడదండీ. ముహూర్తానికి వేసే రంగు గోడనడిగి వెయ్యరు. శ్రావణంలో పెళ్ళి గనక ఆషాఢం ముసురులో, చెమ్మ ఊరుతున్న గోడ మీదే పూసేస్తారు. డాబా మీద నీళ్ళు నిలిచి కిందికి దిగుతున్నా, స్నానాలగది గొట్టం గోడలోపల కారుతున్నా, దాని జోలికెవరూ పోరు. లోపలి చెమ్మ ఊరుకుంటుందా? తెల్లగా ఉప్పు పూసి, రంగు బుడగలెత్తి, కొన్ని నెలలకే పెచ్చులూడుతుంది. పైన పటారం, లోన లొటారం! ఆ పెచ్చులు రోజూ ఊడ్చుకునేది ఎవరో వేరే చెప్పాలా?

మన అమ్మమ్మలు సంక్రాంతి ముందు వెల్ల వేయించేవారు. అది ఒట్టి పండగ ముచ్చట కాదు. కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలూ తుపాన్లూ వెనకపట్టి, గోడలు పొడిబారే రోజులవి. సున్నం నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త బంకా చిటికెడు నీలిమందూ కలిపి పూత మీద పూత వేయించేవారు. మండుటెండకి ఒక్కసారిగా ఆరితే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది, చలికాలపు ఎండలో ఆ బాధ లేదు. పండగ రోజూ, గోడకి అనువైన రోజూ ఒకటే అయ్యాయి. మనం పండగ ఉంచుకుని గోడని మర్చిపోయాం.

కాబట్టి ముందు కారేది ఆపించండి. తరవాత గోడ ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలియకపోతే ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క నాలుగంచులూ గోడకి అతికించి ఒకరోజు ఉంచండి. గోడవైపు నీటి చుక్కలు పట్టాయా, ఇంకా ఆగాలన్నమాటే. ఆ పైన పెచ్చులు గీకించి, పగుళ్ళకి లప్పం పెట్టించి, గరుకు కాగితంతో రుద్దించి, ప్రైమరు వేశాకే రంగు. ఒక పూత ఆరకుండా రెండో పూత వెయ్యనివ్వకండి, మేస్త్రి ఎంత తొందరపడినా సరే.

ఇంకొక్క మాట, పసిపిల్లల తల్లులకి. బిడ్డ పుడుతోందని అటక మీది పాత ఉయ్యాల దింపి, రంగు గీకి కొత్త ఎనామిల్ వేస్తూంటాం. పాత రంగుల్లో, ముఖ్యంగా తలుపులకీ ఉయ్యాలలకీ వేసే మెరుపు రంగుల్లో, సీసం ఉండేది. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని నిబంధన అమల్లోకి వచ్చింది. కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద ఆ సంగతి రాసి ఉందో లేదో చూడండి. కానీ అటక మీది ఉయ్యాలకి ఆ నిబంధన తెలియదు కదా! ఆ పొడి పసివాళ్ళ మెదడు ఎదుగుదలకి చేటు. పొడిగా గీకనివ్వకండి, కాల్చి ఊడదియ్యనివ్వకండి. తడిపి రుద్దించి, తడిగుడ్డతో తుడిపించండి. ఆ పని జరిగినన్నాళ్ళూ గర్భిణులూ పిల్లలూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పాతది మరీ పెళుసుబారి ఉంటే, ఆ ఉయ్యాల ముచ్చటే మానుకోండి.

ఇక అద్దెకున్నవారికి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగు ఇంటాయన బాధ్యత అని పట్టిక వేసి మరీ రాశారు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదనీ అన్నారు. అది నమూనాయే. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే మనదాకా వస్తుంది, పైగా అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ మాటే మనకి అడ్డం పడవచ్చు. అందుకే సంతకం పెట్టేముందు రంగుల మాట చదవండి. గోడలెలా ఉన్నాయో దిగిన రోజే ఫోటోలు తీసుకోండి. మనం మేకులు కొట్టి పాడుచేస్తే ఆ ఖర్చు మనదే, పేచీ లేదు. కాలానికి మాసిన గోడకి మాత్రం మనమెందుకు జరిమానా కట్టాలి?

ఈసారి ఇంట్లో రంగుల మాట వస్తే "ఎవరొస్తున్నారు?" అని అడక్కండి. "ఇక్కడ ఎవరుంటున్నారు?" అని అడగండి. వంటింటితోనే మొదలుపెట్టించండి. ముందుగది సంగతి, ఆ వచ్చేవాళ్ళు చూసుకుంటారు!