కొండమీది పెండ్లి

2023 నవంబరు 1వ తేదీన తెలుగు చలనచిత్ర నటుడు వరుణ్ తేజ్, నటి లావణ్యా త్రిపాఠిల వివాహము ఇటలీ దేశంలోని టస్కనీ సీమలో, బోర్గో సాన్ ఫెలీచె అనే ప్రాచీన గ్రామంలో జరిగింది. అదే నెల 26వ తేదీన ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో, సంపన్నులు విదేశాలలో పెండ్లిండ్లు చేసుకొనే అలవాటును ప్రస్తావించి, మన ధనము మన దేశంలోనే ఉండదగునన్నారు. ధనము మాట నిజమే. మేము చెప్పదలచినది మరొకటి.

పెండ్లికి కొండ వెదుక్కొనడం మనకు కొత్త కాదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వారికి రాపూరు దగ్గరి పెంచలకోన తెలియనిది కాదు. అక్కడ నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టినాడని స్థలపురాణము. పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు మన పల్లెల్లో ఇంటింటా వినవచ్చును. మొక్కు ఉన్నవారు, పందిరి వేసి ఊరికంతా భోజనము పెట్టే శక్తి లేనివారు ఇట్టి సన్నిధిలో మూడుముళ్ళు వేయిస్తారు. అనగా మన పెద్దలు కొండకు పోయినది ఖర్చు తగ్గించుకొనడానికి. ఈనాటివారు పోవుచున్నది ఖర్చు కనపరచడానికి. దారి ఒకటే, దిక్కు వేరు.

ఉదయగిరి దుర్గము కూడ మూడువేల అడుగులు మించిన కొండ. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దానిని ముట్టడించి 1514లో పట్టుకొన్నాడు. అక్కడ మొదలైన గజపతి యుద్ధము కటకము దాకా సాగి, చివరకు ప్రతాపరుద్రుడు తన కుమార్తెను రాయలకు ఇవ్వడంతోను, రాయలు కృష్ణకు ఉత్తరాన తాను గెలిచిన సీమను తిరిగి ఇవ్వడంతోను ముగిసింది. ఆ రాజపుత్రి మనసు ఎవరు అడిగినారో తెలియదు. కాని, వివాహమంటే ఇద్దరికి మాత్రమే చెందిన వేడుక కాదనీ, రెండు వంశాలను, రెండు సీమలను కలిపే ఒడంబడిక అనీ నాటివారు ఎరుగుదురు. ఒడంబడికకు సాక్షులు కావలెను.

మన పల్లె పెండ్లిలో ఆ సాక్షులు ఊరివారే. ఐరేని కుండలు చేసినవాడు, పీటలు చెక్కినవాడు, సన్నాయి ఊదినవాడు, అక్షింతలు చల్లిన పొరుగింటి అవ్వ, అందరూ రేపు ఆ దంపతులు పోట్లాడుకొంటే మందలించే హక్కు గలవారు. ఆ ఏర్పాటులో కులపు హెచ్చుతగ్గులున్నవి. అవి తిరిగి రానక్కరలేదు. కాని సాక్ష్యము పోగొట్టుకొనరాదు. దూరదేశంలో పాస్‌పోర్టు గలవారే బంధువులు. తక్కినవారికి ఛాయాచిత్రాలే అక్షింతలు.

ఇటలీ గ్రామము మరొక పాఠము కూడ చెప్పుచున్నది. టస్కనీ గుట్టలమీది రాతి ఇండ్లలో ఒకప్పుడు పాలుకు సేద్యము చేసే రైతులుండేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వారు కర్మాగారాల పనులకు పట్టణాలు చేరినారు. 1964లో చట్టము కొత్త పాలు ఒప్పందాలను నిషేధించింది. ఖాళీ అయిన ఇండ్లు క్రమంగా విడిది గృహాలైనవి. ఆ రాళ్ళను వారు శ్రద్ధతో కాపాడుకొన్నారు. అది మనము నేర్వదగినదే. మన దుర్గము ప్రాకారాలకు అంత శ్రద్ధ దక్కలేదు. అయినను, మనుష్యులు వెళ్ళిపోయిన తరువాతనే ఆ పల్లె పెండ్లివారి విడిది అయినదని మరువరాదు. పనుల కోసము చెన్నపట్నము, బెంగుళూరు, హైదరాబాదు దారి పట్టిన యువకులు గల మన మెట్టసీమకు ఈ మాట చురుక్కున తగలవలెను.

ఎవరి పెండ్లి ఎక్కడ చేసుకొనవలెనో శాసించడం మా పని కాదు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయము వచ్చినప్పుడు విద్యార్థులను ఒక్క ప్రశ్న అడిగిన చాలును: నీ పెండ్లి ముహూర్తానికి, నిన్ను ఎత్తుకొని పెంచిన పొరుగింటి అవ్వ రాగలదా? రాగలిగితే అది ఏ కొండమీదనైనను మంచి పెండ్లియే.