ఆ పాత ట్యూబు పిల్లల మూతికి వద్దు



ఈ నెల మార్కుల గురించి కాదు, ఒక చిన్న పొక్కు గురించి రాస్తున్నాను. ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

నిరుడు నా మూడో తరగతిలో ఒక బాబు కింది పెదవి పక్కన పొక్కుతో వచ్చాడు. వాళ్లమ్మగారికి ఫోన్ చేస్తే, "రాత్రి ఏదో పురుగు పాకినట్టుంది మేడమ్, ఇంట్లో ఆయింట్‌మెంట్ ఉంటే రాశాను" అన్నారు. మర్నాడు యూనిట్ టెస్ట్. "సరేనండీ, రాసి పంపించేయండి, టెస్ట్ మిస్ కాకూడదు" అన్నాను. రెండు రోజులు ఎరుపు తగ్గింది. వారం తిరక్కుండానే గడ్డం దాకా పాకి, తేనె రంగు చెక్కులు కట్టింది. పక్కన కూర్చునే పాపకు ముక్కు కింద అదే మొదలైంది.

పిల్లల డాక్టర్ చూసి ఇంపెటిగో అన్నారు. స్టెఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటుపుండు ఇది. ఇంట్లో రాసిన ట్యూబు ఎప్పుడో వాళ్ల నాన్నగారి తామరకు కొన్నదట. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది కానీ క్రిమిని చంపదు. పైగా ఆ చోట శరీరం పోరాడే శక్తిని తగ్గిస్తుంది. అందుకే తగ్గినట్టే కనిపించి మళ్లీ విజృంభించింది.

మూతి మీద వచ్చేవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ మందు ఒకటి కాదు. జ్వరం తర్వాత మూతి పేలి, నీటి పొక్కులు గుత్తిగా వస్తే అది చాలాసార్లు హెర్పిస్ వైరస్. దానికి ఏ యాంటీబయాటిక్ రాసినా ఉపయోగం లేదు. నోటి మూలలు పగిలితే పెదవులు నాకే అలవాటు కావచ్చు, ఫంగస్ కావచ్చు, ఐరన్ లేదా బి2 విటమిన్ లోపం కావచ్చు. తేనె రంగు చెక్కు కడితే బ్యాక్టీరియా అని అనుమానించాలి. తేల్చాల్సింది మీరూ నేనూ కాదు, డాక్టర్.

"ఇంత చిన్న పొక్కుకు డాక్టరా? ఫీజు, సగం రోజు సెలవు ఎవరిస్తారు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. డాక్టర్ ఆయింట్‌మెంట్ ఒక్కటే రాస్తే తృప్తి ఉండదు, మాత్రలో ఇంజెక్షనో కూడా కావాలంటారు. నిజానికి ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉన్న బ్యాక్టీరియా పుండుకు ముపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్ వంటి పైపూత మందు చాలాసార్లు సరిపోతుంది. అయితే సరైన ట్యూబు, చెప్పినన్ని పూటలు, చెప్పినన్ని రోజులు. చెక్కు రాలిందని రెండో రోజే మానేస్తే మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి. ఇష్టం వచ్చినట్టు వాడితే మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో, చాలీచాలని మోతాదు ప్రమాదం గురించి హెచ్చరించారు.

కాబట్టి మీకు నా మనవి. ఇవాళే ఫ్రిజ్ తలుపులో, అల్మరాలో ఉన్న ట్యూబులు బయటికి తీయండి. ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ మీదే వాడాలని అర్థం. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటసోన్ వంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. ఒకరికి రాసిచ్చింది ఇంకొకరికి పూయకండి. పుండున్న బిడ్డకు తువ్వాలు వేరుగా పెట్టండి, గోళ్లు కత్తిరించండి, మందు రాసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. జ్వరం వచ్చినా, వాపు పెరిగినా, పుండు కంటి వైపు పాకినా ఆలస్యం చేయకండి.

ఇక మా వైపు మాట. ఫుల్ అటెండెన్స్ సర్టిఫికెట్ కోసం పుండుతోనే వచ్చే పిల్లలున్నారు. అది పిల్లల తప్పు కాదు, మనం పెట్టిన ఆశ. ఇంపెటిగోకు సరైన మందు మొదలుపెట్టాక సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో బడికి రావచ్చు, ఎప్పుడన్నది డాక్టర్ చెబుతారు. ఆ ఒకటి రెండు రోజులను సర్టిఫికెట్ లెక్కలోంచి తీసేయాలని నా అభిప్రాయం. ఈ మాట స్టాఫ్ మీటింగ్‌లోనూ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

యూనిట్ టెస్ట్ మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ బాబుకు నేను అలాగే పెట్టాను, వారం ఆలస్యంగా. పక్క సీటు పాపకూ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు ఫోన్‌లో "ముందు డాక్టర్‌కి చూపించండి, టెస్ట్ సంగతి నేను చూసుకుంటాను" అని ఉంటే ఆ రెండోది అవసరమయ్యేది కాదేమో. ఈసారి మీరు ఫోన్ చేస్తే నా నోటి నుంచి వచ్చే మాట అదే.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్