తీరిక వేళ: అయిదు అచ్చుల వేట

క్రిందటి నెలలో ఒకనాడు మా మనుమడి డిక్టేషను పుస్తకము బియ్యపు డబ్బా వెనుక దొరికింది. దాచినవాడు వాడే. 20 మాటలకు 7 సరి. తక్కినదంతా ఎఱ్ఱ సిరా. "వీడికి చదువు అబ్బదు మామయ్యా" అని మా కోడలు కండ్లనీళ్లు పెట్టుకొన్నది. మేమూ మొదట చెయ్యెత్తినవారమే. ఎత్తిన చేయి దించి, నిదానముగా ఆ పుస్తకము చదివితే వాడి తప్పేమిటో బోధపడింది. 'ఎడ్యుకేషన్‌' అన్న మాటకు చివర ఎస్‌, హెచ్‌, ఏ, ఎన్‌ అని వ్రాశాడు. 'రెగ్యులేషన్‌'కూ అంతే. విన్నది విన్నట్లు వ్రాశాడు, పాపము!

మన పిల్లలకు ఇది సహజమే. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. తెలుగులో చెవి సరిగా ఉంటే చేయి సరిగా వ్రాస్తుంది. అచ్చు హల్లును అంటిపెట్టుకొని గుణింతమై పోతుంది. ఇంగ్లీషులో అచ్చులు అయిదూ విడివిడిగా నిలబడి, ఒక్కొక్క మాటలో ఒక్కొక్క గొంతుతో పలుకుతవి. అక్కడ చెవిని మాత్రమే నమ్ముకొన్నవాడు మునుగుతాడు. కంటికి కూడా పని చెప్పవలె.

అందుకని ఒక ఆట పెట్టాము. ఏ, ఈ, ఐ, ఓ, యూ: ఈ అయిదు అక్షరాలూ తప్పక ఉన్న ఇంగ్లీషు మాటలను వెదకడము. వరుస ఎట్లున్నా సరే. రాత్రి భోజనాలైన తర్వాత పలక పట్టుకొని కూర్చున్నాము. మొదటినాడు అరగంట గడిచినా ఒక్క మాట దొరకలేదు. రెండవనాడు ఉపాయము తోచింది: మాటను తోక పట్టుకొని లాగవలె.

ఏ, టి, ఐ, ఓ, ఎన్‌ అనే తోక తీసుకోండి. మూడు అచ్చులు అప్పుడే చేతికి వచ్చినవి. ఇక ముందు భాగములో ఈ, యూ ఉంటే చాలు. 'ఎడ్యుకేషన్‌', 'ఈక్వేషన్‌', 'రెగ్యులేషన్‌', 'రెప్యుటేషన్‌', 'స్పెక్యులేషన్‌' గబగబా వచ్చి పడ్డవి. ఎవరూ చెప్పకుండానే వాడు ఆ తోకను పలక మీద పదిసార్లు వ్రాశాడు. ఎస్‌, హెచ్‌ల మాటే ఎత్తలేదు.

ఇంకొక తోక ఐ, ఓ, యూ, ఎస్‌. దీనికి ముందు ఏ, ఈ కావలె. పట్టు విడువని వాడిని చెప్పే 'టెనేషియస్‌' ఇందులోదే. అచ్చులు అయిదూ వరుస తప్పకుండా వచ్చే మాటలు కూడా ఈ జాతివే: వేళాకోళమునకు 'ఫెసీషియస్‌', మితముగా తిని త్రాగేవారికి 'ఆబ్‌స్టీమియస్‌'. సరిగ్గా తలక్రిందుల వరుస కావలెనంటే 'సబ్‌కాంటినెంటల్‌' ఉన్నది. మన ఉపఖండము పేరే!

'బిహేవియర్‌', 'ఫేవరెట్‌' కూడా అయిదు అచ్చుల మాటలే. కాని ఇంగ్లండు పద్ధతిలో వ్రాస్తేనే. ఇటువంటి మాటలలో యూ అక్షరము అనవసరమని నోవా వెబ్‌స్టర్‌ 1828 నాటి తన నిఘంటువులో దానిని తీసివేశాడు. అమెరికాలో ఉన్న మా మేనకోడలు వీటిని నాలుగు అచ్చులతోనే సరిపెడుతుంది.

పొట్టి మాట ఏదని వాడు అడిగాడు. 'సెకోయా': ఏడే అక్షరాలు. కాలిఫోర్నియాలో ఆకాశమంత ఎత్తు పెరిగే చెట్టు. ఆ పేరు సెకోయా అనే చెరొకీ జాతీయుని వలన వచ్చిందని చాలామంది చెపుతారు. ఇంగ్లీషు చదవడము రాని ఆ మనిషి తన జాతి భాషకు 1821 నాటికి సొంతముగా లిపి కల్పించాడు. అందులో అక్షరాలు 85కు అటూ ఇటూ. ఒక్కొక్క అక్షరములోనే హల్లూ అచ్చూ కలిసి ఉంటవి, మన 'క', 'కి'ల వలె. ఈ సంగతి చెపితే మా వాడి ముఖము విప్పారింది. "అయితే నాలాగా విన్నట్లు వ్రాసేవాళ్లు అక్కడా ఉన్నారా తాతా?" అన్నాడు. తాను మొద్దును కానని వాడికి మొదటిసారి తోచిన క్షణము అదేననుకొంటాము.

నాలుగవనాడు అవ్వ కూర తరుగుతూ, "ఊరకే కూర్చోకపోతే ఈ కాలీఫ్లవరులో ఎన్ని ఉన్నవో చూడరాదురా" అన్నది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరము రాదు. వాడు నవ్వుతూ నిఘంటువు తీశాడు. నవ్వు ఆగిపోయింది. సి, ఏ, యూ, ఎల్‌, ఐ, ఎఫ్‌, ఎల్‌, ఓ, డబ్ల్యు, ఈ, ఆర్‌. అయిదూ ఉన్నవి! చెవికి వినబడని యూ అక్షరము కంటికి దొరికింది. ఆనాటి గెలుపు అవ్వదే.

మొన్నటి డిక్టేషనులో వాడికి 20కి 13 వచ్చినవి. గొప్ప లెక్కేమీ కాదు. కాని పుస్తకము ఈసారి డబ్బా వెనుక లేదు, బల్లమీదనే ఉన్నది. వాడే తెరిచి వాళ్లమ్మకు చూపించాడు.

మీ ఇంట కూడా ఆడి చూడండి. పిల్లల తప్పును దిద్దేముందు, ఆ తప్పు ఏ దారిన వచ్చిందో చూడండి. ఈ నెలకు మూడు ప్రశ్నలు, మూడూ అయిదు అచ్చుల మాటలే. ఒకటి, ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, 9 అక్షరాలు. మొదటి అక్షరము పలకదు. రెండు, మన కంజీరకు చుట్టమైన వాద్యము, 10 అక్షరాలు. మూడు, ఇద్దరి నడుమ సంభాషణ, 8 అక్షరాలు. జవాబులు వచ్చే సంచికలో. అంతదాకా పిల్లలకు చెప్పకండి; వాళ్లే మీకు చెపుతారు.