నెలవంక గడియారమే, గండం కాదు

ప్రతి నెలా 29వ తేదీన మగ్రిబ్ నమాజు కాగానే మసీదు మిద్దె ఎక్కి పడమటి దిక్కుకు చూడడం మన పెద్దల అలవాటు. నెలవంక కంటబడితే చేతులెత్తి దుఆ చేస్తారు. ఈ నెలను శాంతితో, క్షేమంతో, విశ్వాసంతో మా మీదికి తీసుకురమ్మని అల్లాహ్‌ను వేడుకుంటారు. చివరగా నెలవంకకేసి చూస్తూ నాకూ నీకూ ప్రభువు అల్లాహ్‌యేనని చెబుతారు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) నేర్పిన దుఆ ఇది. అంటే చంద్రుడు కూడా మనలాగే ఆజ్ఞకు కట్టుబడిన దాసుడేనని ప్రతి నెలా మనకు మనమే గుర్తు చేసుకుంటున్నామన్న మాట.

కానీ మిద్దె దిగి ఇంటికి రాగానే మనలో చాలామంది అదే చంద్రుణ్ణి యజమానిగా చేసుకుంటున్నారు. జంత్రీ తిరగేసి ‘కమర్ దర్ అక్రబ్’, అంటే చంద్రుడు వృశ్చిక రాశిలో ఉన్న రోజులు అని చెప్పి ప్రయాణాలు మానుకునేవారున్నారు. అమావాస్య నాడు కొత్త పని ముట్టనివారున్నారు. సఫర్ నెల మొదటి 13 రోజులకు ‘తేరా తేజీ’ అని పేరు పెట్టి, ఆ రోజుల్లో పెళ్ళి చూపులు, గృహప్రవేశం, చివరికి ఆసుపత్రి కూడా వద్దనేవారున్నారు.

ఇప్పుడు సెల్‌ఫోన్లలో మరో రకం జంత్రీ వచ్చింది. అమావాస్య నాడు కొత్త సంకల్పాలు రాసుకోవాలట. చంద్రుడు పెరిగే పక్షంలో వ్యాపారం మొదలుపెట్టాలట. పౌర్ణమి రాత్రి మనసులోని బాధలన్నీ విడిచిపెట్టాలట. జుట్టు ఒత్తుగా పెరగాలంటే పెరిగే పక్షంలోనే కత్తిరించుకోవాలట. కాలేజీలో చదివే మా తమ్ముడి కూతురు ఇది నాకు చూపించి, “బడే అబ్బా, ఇది సైన్సేనట!” అంది. మా తాతగారి జంత్రీ నాకు గుర్తుకొచ్చింది. ఆయన చేతిలో కాగితం, ఈ పిల్ల చేతిలో ఫోను. లోపలి మాట మాత్రం ఒక్కటే.

ఇందులో నష్టమేముంది, ఎవరి నమ్మకం వారిది అని కొందరు అనవచ్చు. ఆ నష్టాన్ని నేను కళ్ళారా చూశాను. అందులో నా వంతు తప్పు కూడా ఉంది.

మా మామూజాన్ కాలు

అది 1998 మే నెలాఖరు. నేను మదర్సాలో చదువు ముగించి సనద్ తీసుకుని ఊరికి వచ్చిన కొత్త. మా చిన్న మామూజాన్ దర్జీ. ముప్పై ఏళ్ళు కుట్టు మిషన్ తొక్కిన మనిషి. ఆయనకు షుగర్ వ్యాధి ఉండేది. కాలి వేలికి పుండు లేచి నల్లబడింది. డాక్టరు చూసి, వేలు వెంటనే తీసివేయాలి, ఆలస్యం చేస్తే చీము పైకి పాకుతుంది అన్నారు. ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే సఫర్ నెల అప్పుడే మొదలైంది. “తేరా తేజీలో కత్తి పడకూడదు. పదమూడు దాటనివ్వండి” అన్నారు ఇంటి పెద్దలు.

మామూజాన్ నావైపు తిరిగి, “బేటా, నువ్వు మదర్సాలో చదివినవాడివి కదా, ఏమంటావు?” అని అడిగారు. సఫర్ నెలలో అపశకునం లేదని దైవప్రవక్త (సఅసం) స్పష్టంగా చెప్పిన హదీసు నాకు తెలుసు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ దాన్ని చదువుకున్నాను. కానీ పెద్దల ఎదుట నోరెత్తడం మర్యాద కాదనుకున్నాను. “పెద్దలు చెప్పినట్టే చేద్దాం మామూజాన్” అన్నాను.

పదమూడో రోజు గుడ్లు, నూనె, మినుములు సదఖా ఇచ్చి మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికి మోకాలి కింది వరకు తీసివేయక తప్పలేదు. ముందే వచ్చి ఉంటే ఒక్క వేలితో పోయేదని డాక్టరు అన్నారు. ఆ తరువాత మామూజాన్ పదకొండేళ్ళు బతికారు. సొంత దుకాణం మూసేసి, మరొకరి దుకాణంలో కూర్చుని చొక్కాలకు కాజాలు, గుండీలు కుట్టేవారు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

దైవప్రవక్త ఏం చేశారు?

దివ్య ఖురాన్ అల్ బఖరా సూరాలో ఒక ప్రశ్న ప్రస్తావన ఉంది. నెలవంకల గురించి ప్రజలు దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. అవి ప్రజలకు కాలాన్ని, హజ్ వేళను తెలిపే గుర్తులని అల్లాహ్ సమాధానం అవతరింపజేశాడు. యూనుస్ సూరాలోనూ అంతే. సంవత్సరాల లెక్క తెలుసుకోవడానికే చంద్రుడికి దశలు ఏర్పరిచినట్టు అక్కడ ఉంది. లెక్కకు, వేళకు అని ఉందే తప్ప అదృష్టానికి, దురదృష్టానికి అని ఎక్కడా లేదు.

ఇక దైవప్రవక్త (సఅసం) జీవితంలోని ఒక సంఘటన చూడండి. క్రీ.శ. 632 జనవరిలో ఆయన పసిబిడ్డ ఇబ్రాహీం మరణించాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ పోయినందుకే సూర్యుడు నల్లబడ్డాడని మదీనా ప్రజలు చెప్పుకున్నారు. ప్రజల్లో గౌరవం పెంచుకోవాలనుకునే వ్యక్తి అయితే ఊరుకునేవాడే. కానీ ఆయన ఊరుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఆ దుఃఖంలోనే ప్రజలను నిలబెట్టి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు మాత్రమేననీ, ఒకరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ తేల్చి చెప్పారు.

కన్నకొడుకును పోగొట్టుకున్న రోజున ఆయన పలికిన సత్యాన్ని, మామూజాన్ నోరు తెరిచి అడిగినా నేను పలకలేకపోయాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

షవ్వాల్ నెల విషయమూ ఇలాంటిదే. ఆ నెలలో పెళ్ళి అశుభమని అరబ్బులు భావించేవారు. హజ్రత్ ఆయిషా (రజి) తమ నికాహ్, అత్తింటికి రావడం రెండూ షవ్వాల్‌లోనే జరిగాయనీ, భర్త ప్రేమలో తనను మించిన భాగ్యవంతురాలు ఎవరున్నారనీ అడిగేవారు. మూఢనమ్మకానికి ఆమె ఇచ్చిన జవాబు తన కాపురమే.

చంద్రుణ్ణి బట్టి చేయవలసిన పనులు

అలాగని చంద్రుణ్ణి చూసి పనులు పెట్టుకోరాదని కాదు. ముస్లిం జీవితమంతా చాంద్రమానంతోనే నడుస్తుంది. రంజాన్, రెండు పండుగలు, హజ్, వితంతువు ఇద్దత్ అన్నీ ఆ లెక్కవే. చాంద్రమాసం సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలకు సుమారు 354 రోజులు. అంటే ఇంగ్లీషు సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే రంజాన్ ఒకసారి ఎండల్లో, మరోసారి చలిలో వస్తుంది.

ఈ 11 రోజులను చాలామంది మరిచిపోయే చోటు జకాత్. మన వ్యాపారులు కొందరు మార్చి 31న ఆదాయపు పన్ను లెక్కలతోపాటే జకాత్ లెక్క కూడా చూసుకుంటారు. చాంద్ర సంవత్సరానికి నూటికి రెండున్నర ఇవ్వవలసింది పోయి, అంత సొమ్మే 365 రోజులకు ఇస్తారు. ఏడాదికి 11 రోజుల చొప్పున 33 ఏళ్ళకు దాదాపు ఒక పూర్తి సంవత్సరం తేడా వస్తుంది. అంటే ఒక ఏడాది జకాత్ పేదలకు అందకుండానే పోతుంది. కమర్ దర్ అక్రబ్ చూసి ప్రయాణం ఆపుకునే మనిషి, ఈ లెక్క కోసం జంత్రీ తెరిస్తే ఎంత బాగుండును!

ఆరోగ్యం మాటకు వస్తే, ప్రతి నెలా 13, 14, 15 తేదీల్లో ‘అయ్యామె బీజ్’ రోజాలు ఉన్నాయి. వెన్నెల నిండుగా ఉండే రోజులవి. నెలకు మూడు రోజులు కడుపునూ నాలుకనూ అదుపులో పెట్టుకునే మంచి అలవాటు ఇది. అయితే షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడిగిన తరువాతే ఈ రోజాలు పెట్టుకోవాలి.

హిజామా సంగతీ చెప్పుకోవాలి. 17, 19, 21 తేదీలు దానికి మంచివని హదీసుల్లో ఉంది. నెల మధ్యలో శరీరంలోని ద్రవాలు ఉద్రేకంలో ఉంటాయన్నది ఇబ్న్ సీనా వంటి యునానీ వైద్యుల అభిప్రాయం. కానీ అవసరం పడినప్పుడు ఏ రోజైనా, ఏ వేళైనా ఇమాం అహ్మద్ (రహ్మ) హిజామా చేయించుకునేవారని ఉలమాలు రాశారు. తీరిక ఉన్నవారికి తేదీ. రోగికి మాత్రం అవసరమే తేదీ. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా దీని జోలికి పోరాదు.

కారణం వేరు, శకునం వేరు

చంద్రుడి ప్రభావం భూమి మీద అసలు లేదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. ఉంది. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుంది. మచిలీపట్నం రేవులో పడవ నడిపేవాడు పోటు, ఆటు చూసుకుని బయలుదేరడం మూఢనమ్మకం కాదు, తెలివి. నిద్ర మీద కూడా పరిశోధనలు జరిగాయి. 2013లో స్విట్జర్లాండులో 33 మందిని పరీక్షిస్తే పౌర్ణమి రోజుల్లో నిద్ర సుమారు 20 నిమిషాలు తగ్గింది. పౌర్ణమికి ముందు రాత్రుల్లో జనం ఆలస్యంగా పడుకుంటున్నారని 2021లో వెలువడిన మరో పరిశోధన తెలిపింది. ఈ తేడా కనిపించని పరిశోధనలూ ఉన్నాయి. అది నిజమే అనుకున్నా, ఆ రాత్రి ఇషా కాగానే దీపం ఆర్పి పడుకోవాలని మాత్రమే దాని అర్థం. ఆ రోజు అంగడి తెరవరాదని కాదు.

పౌర్ణమికి కాన్పులు ఎక్కువని కూడా అంటారు. అమెరికాలోని ఒక రాష్ట్రంలో 5 లక్షలకు పైగా కాన్పుల లెక్క తీసి 2005లో ప్రచురించారు. చంద్రుడి దశకూ కాన్పుకూ సంబంధమేమీ కనబడలేదు.

2023 ఆగస్టు 23న మన దేశపు చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరగా దిగింది. ఆ శాస్త్రవేత్తలు కూడా చంద్రుడి దశను చూసే రోజు నిర్ణయించారు. దిగిన చోట అప్పుడే తెల్లవారాలి. అక్కడ పగలు మన లెక్కన సుమారు 14 రోజులు. ఎండ ఉంటేనే యంత్రాలకు కరెంటు. కారణం తెలిసి రోజు ఎంచుకోవడమంటే ఇదీ. ఇక ఆ రోజు హిజ్రీ తేదీ చూడండి. అది 1445 సఫర్ మొదటి వారం, అంటే సరిగ్గా తేరా తేజీ! మనం కదలకూడదనుకున్న రోజుల్లో మనిషి పంపిన యంత్రం క్షేమంగా చంద్రుడి మీదనే దిగింది.

పెద్దలకు, పిల్లలకు ఒక మనవి

తేరా తేజీకి ఆధారంగా దైవప్రవక్త (సఅసం) అస్వస్థతను చెబుతారు. కానీ ఆ అస్వస్థత సఫర్ చివరి రోజుల్లో మొదలైందని చరిత్రకారులలో ఎక్కువమంది రాశారు. మొదటి 13 రోజులకు దానితో సంబంధం లేదు. సదఖా మాత్రం మానవద్దు. గుడ్లు, నూనె, మినుములు పేదలకు ఇవ్వండి. సఫర్‌లోనూ ఇవ్వండి, రజబ్‌లోనూ ఇవ్వండి. భయంతో కాకుండా అల్లాహ్ ప్రీతి కోసం ఇవ్వండి.

మదర్సాలో చదివిన యువకులకు ముఖ్యంగా చెబుతున్నాను. పెద్దలను గౌరవించడం విధి. కానీ రోగి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మౌనంగా ఉండడం గౌరవం కాదు. మెల్లగా, మర్యాదగా, చేయి పట్టుకుని చెప్పండి. “నానీమా, ఈ రోజులనూ సృష్టించింది అల్లాహ్‌యే కదా, ఆసుపత్రికి పోదాం పదండి” అంటే ఏ పెద్దావిడ కాదంటుంది? ఆ రోజు నేను ఈ ఒక్క మాట అని ఉంటే మామూజాన్ తన మిషన్ తానే తొక్కుకునేవారు.

మా తమ్ముడి కూతురితో కూడా ఇదే అన్నాను. “అమ్మా, సంకల్పం మంచిదే. రాసుకో. దానికి అమావాస్య దాకా ఆగనక్కరలేదు. రేపటి ఫజర్ చాలు” అన్నాను. నవ్వి ఫోను పక్కన పెట్టింది. ఫజర్‌కు లేచిందో లేదో వాళ్ళమ్మ చెప్పాలి!

వచ్చే 29వ తేదీ సాయంత్రం మిద్దె ఎక్కినప్పుడు ఆ చిన్న దుఆను అర్థం తెలుసుకుని చదవండి, పిల్లలకు నేర్పండి. తన దాసుడైన చంద్రునికి మనం భయపడకుండా, తనకు మాత్రమే భయపడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.